థర్మాకోల్ అడవి కాలిపోయాక

ప్రశ్న: మాది ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను జీవశాస్త్రం చెప్తాను. బడిలో 180 మంది పిల్లలున్నారు. పోయినేడు పర్యావరణం మీద ప్రాజెక్టు ఇస్తే ఎనిమిదో తరగతి పిల్లలు థర్మాకోల్‌తో అడవి చేసుకొచ్చారు. చెట్లు, వాగు, లేళ్లు, పైన దూదితో మబ్బులు. మండల స్థాయిలో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. రెండు నెలలు స్టాఫ్ రూములో బీరువా మీద ఉంచాం. ఆ తర్వాత ఎక్కడ పెట్టాలో తెలియక బడి వెనకాల తగలబెట్టించాం. నల్లటి పొగ లేస్తుంటే ఒక పిల్ల "మేడమ్, మన అడవి కాలిపోతోంది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఈ ఏడు అలాంటిది చేయించదల్చుకోలేదు. మరి ఏం చేయించాలి? చేతిలో డబ్బుల్లేవు. ఏటా నాటే మొక్కలు వేసవి సెలవుల్లో ఎండిపోతున్నాయి. ఆవరణలో చెత్త ఏరిద్దామంటే ఒక తండ్రి వచ్చి "మా పిల్లని చదువుకోవడానికి పంపామా, ఊడవడానికి పంపామా?" అని గొడవ పెట్టుకున్నాడు. తోటి టీచర్లేమో ముందు సిలబస్ కానివ్వమంటారు. ఆరో తరగతిలో ఒకమ్మాయి భూతాపం వీడియో చూసి "భూమి అయిపోతుందా మేడమ్?" అని ఏడ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.
– ఒక టీచర్

సమాధానం:

టీచర్ గారూ,

ఆ పిల్ల నవ్విందని బాధపడకండి. అక్కడున్న అందరికంటే ముందు విషయం అర్థమైంది ఆ అమ్మాయికే. మీకు నవ్వు రాలేదు కాబట్టి ఈ ఉత్తరం వచ్చింది. చాలామందిమి ఆ పొగకి ముక్కు మూసుకుని మళ్లీ క్లాసులోకి వెళ్లిపోయాం. నేనూ ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినవాణ్నే. అలాంటి అడవులు, అగ్నిపర్వతాలు, నీటి చక్రాలు ఎన్ని కాల్పించానో లెక్క లేదు.

ఇంకో సంగతి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకి వాడే థర్మాకోల్ కూడా ఉంది. అంటే భూమిని కాపాడమని చెప్పే బొమ్మని మనం నిషేధించిన సరుకుతో చేయించి ప్రైజులు ఇస్తున్నాం. జడ్జీలని అనడానికి లేదు, వాళ్లూ మన టీచర్లే.

అసలు తిరకాసు థర్మాకోల్‌లో లేదు. ప్రాజెక్టు అంటే ఇంటి దగ్గర తయారు చేయించుకుని తెచ్చేది అని మనకి అలవాటైపోయింది. స్టేషనరీ షాపాయనకి పిల్లాడికంటే ముందే ప్రాజెక్టు సంగతి తెలుస్తుంది. "ఏ క్లాసు? పర్యావరణమా? ఇదిగో చార్టు, ఇవిగో బొమ్మల షీట్లు" అని ఇచ్చేస్తాడు. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని అంటించేది వాళ్లమ్మ. పొద్దున పిల్లాడు బస్సులో నలగకుండా పట్టుకొస్తాడు, అంతే. ఆ పనిలో వాడు చూసిన చెట్టు లేదు, ముట్టుకున్న మట్టి లేదు.

కాబట్టి ఈ ఏడు ఒక్కటే పట్టుదల పెట్టుకోండి. ఇంటి నుంచి ఏమీ తేవద్దు. బడిలోనే ఉన్నదాన్ని ఒకటి పట్టుకుని, కనీసం నెలన్నర పాటు రోజూ చూసి, కొలిచి, పుస్తకంలో రాయాలి. నెలన్నర అయ్యాక అది మొదట్లో ఉన్నట్టు ఉండకూడదు, ఏదో ఒకటి మారాలి. ఎంత చిన్నదైనా సరే.

పర్యావరణ దినోత్సవం కోసం మాత్రం ఆగకండి. జూన్ 5న మన బడులకి సెలవులు, తెరిచేది 12న. ఏప్రిల్ 22 ధరిత్రీ దినోత్సవం నాటికి పరీక్షలైపోయి పిల్లలు సెలవులకి రోజులు లెక్కపెట్టుకుంటుంటారు. ప్రపంచం పండగ చేసుకునే ఈ రెండు రోజులూ మన బడికి అక్కరకి రావు. ఒకందుకు మంచిదే, ఫోటోల గొడవ తప్పింది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటారా? రేపు అన్నాల బెల్లు కొట్టాక ప్లేట్లు కడిగే నల్లాల దగ్గర పది నిమిషాలు ఊరికే నిలబడండి. ఎవర్నీ ఏమీ అనకండి. ఒక పిల్ల నల్లా తిప్పుతుంది. ప్లేటు కింద పెట్టి, వెనక్కి తిరిగి స్నేహితురాలికి ఏదో చెప్తుంది. నీళ్లు పోతూనే ఉంటాయి. ఆమె అయిపోయాక కట్టదు, ఎందుకంటే వెనక ఇంకో పిల్ల ఉంది. ఆ పిల్లా కట్టదు. చివరి నల్లాకి వాషర్ అరిగిపోయి ఎవరో గుడ్డపీలిక కట్టి ఉంటారు. మెతుకులు, చారు, సబ్బు నురగ కలిసిన నీళ్లు ప్రహరీ గోడ కింద కన్నంలోంచి వీధిలోకి పోతుంటాయి. అక్కడ పాచి, దోమలు, ఒక పంది. ఆ గోడ అవతలి ఇంటివాళ్లు మీ బడిని ఏమని తిడుతున్నారో కూడా వీలైతే కనుక్కోండి, ప్రాజెక్టులో రాసుకోవచ్చు.

మీరు వెతుకుతున్న ప్రాజెక్టు ఇదే. పైసా ఖర్చు లేదు, రోజూ జరుగుతుంది, 180 మందికీ సంబంధం ఉంది.

మొదటి వారం కొలతలు. ఒక బకెట్, ఒక వాచీ. నల్లా పూర్తిగా తిప్పి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తుందో చూడమనండి. అన్ని నల్లాలూ ఒకేలా రావని వాళ్లకి మొదటి రోజే తెలుస్తుంది. ట్యాంకుకి దగ్గరున్నది వేగంగా, చివర్న ఉన్నది నెమ్మదిగా వస్తుంది. ఎందుకు అని వాళ్లే అడుగుతారు. అడిగితే అప్పుడు చెప్పండి, అడక్కముందు చెప్పకండి.

రెండో వారం గూఢచారి పని. నలుగురు పిల్లలు ఎవరికీ చెప్పకుండా దూరంగా కూర్చుని, ఒక్కొక్కరు ప్లేటు కడగడానికి నల్లా ఎన్ని సెకన్లు తెరిచి ఉంచుతున్నారో రాయాలి. పేర్లు రాయొద్దు, సెకన్లే రాయాలి. పేర్లు రాస్తే అది ప్రాజెక్టు కాదు, చాడీలవుతుంది. ఈ పని పిల్లలకి ఎంత ఇష్టమంటే, రెండో రోజుకే మీకు నలభై మంది గూఢచారులు తయారవుతారు.

నల్లా నిమిషానికి 8 లీటర్లు ఇస్తుందనుకుందాం. ఒక్కొక్కరు అర నిమిషం వాడితే 4 లీటర్లు. 180 మందికి 720 లీటర్లు. స్లాబు మీదున్నది 500 లీటర్ల సింటెక్స్ ట్యాంకైతే ఒకటిన్నర ట్యాంకు, ఒక్క పూట ప్లేట్లకే. ఈ లెక్క బోర్డు మీద మీరు వేయకండి. పిల్లల చేత వేయించండి, అదీ మీ బడి కొలతలతో. ఎవరో చెప్పిన అంకె ఈ చెవిన పడి ఆ చెవిన పోతుంది. తాము కొలిచిన అంకెని ఇంటికెళ్లి అమ్మకి చెప్తారు.

కారుతున్న నల్లా కింద పొద్దున ప్రార్థన బెల్లుకి ఒక లీటరు బాటిల్ పెట్టించండి. సెకనుకి ఒక్క చుక్క పడినా చాలు. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు కాబట్టి అయిదున్నర గంటల్లో బాటిల్ నిండుతుంది. ఇంటి బెల్లు కొట్టేలోపే నిండి పొర్లిపోతుంది. పొర్లుతున్న బాటిల్ చుట్టూ మూగి నిలబడ్డ పిల్లల్ని చూస్తే 'నీటిని పొదుపు చేయండి' అని గోడ మీద రాయించిన నినాదం ఎంత దండగో తెలుస్తుంది. ఆ నల్లాకి కొత్త వాషర్ వేయడం మీ ప్లంబర్‌కి అయిదు నిమిషాల పని. పిల్లల ముందే వేయించండి, పాత వాషర్ చేతుల్లో పెట్టి చూపించండి. ఎనిమిదో తరగతి పిల్లలైతే తర్వాతి నల్లాకి వాళ్లే వేస్తామంటారు.

మూడో వారం ఏం మార్చాలో వాళ్లనే అడగండి. నూటికి తొంభై మంది "నల్లా కట్టేయాలని బోర్డు రాద్దాం మేడమ్" అంటారు. రాయనివ్వండి. రాశాక మళ్లీ కొలవమనండి. బోర్డు వల్ల సెకన్లు పెద్దగా తగ్గవు. బోర్డు మనిషిని మార్చదని పదమూడేళ్లకే తెలిస్తే జీవితంలో చాలా పనికొస్తుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు డ్రమ్ము, మగ్గు పద్ధతి చెప్తారు. ముందు మెతుకులన్నీ ఒక బకెట్లోకి దులిపేసి, రెండు మగ్గులతో ప్లేటు కడుక్కోవడం. లీటరు, లీటరున్నరలో అయిపోతుంది. అది కూడా కొలవాలి. ఆ బకెట్లో మెతుకులు ఏ రోజు ఎక్కువ, ఏ రోజు తక్కువ అని రాస్తే ఏ కూర పిల్లలకి నచ్చడం లేదో తెలుస్తుంది. ఆ కాగితం పట్టుకుని మాత్రం వంట చేసే అక్కల దగ్గరికి తిన్నగా వెళ్లకండి. ఇచ్చే డబ్బులు, సరుకులు చూసి వాళ్లు వండుతున్నారు. ముందు వాళ్ల కష్టం వినండి, ఆ తర్వాత కాగితం సంగతి చూద్దురు.

ఇక వీధిలోకి పోయే నీళ్లు. గోడ కన్నం దగ్గర ఇటుకలతో చిన్న తొట్టి కట్టి, పాత జల్లెడ అడ్డం పెడితే మెతుకులు ఆగుతాయి. రోజూ ఆ జల్లెడ దులపాలి, లేకపోతే మూడో రోజుకి కంపు. అక్కణ్నుంచి చిన్న కాలువ తవ్వి అరటి మొక్కలకి పారించండి. సబ్బు నీళ్లు కలిసేచోట పాలకూర, కొత్తిమీర లాంటివి వేయొద్దు. అరటైతే ఎక్కువ నీళ్లు పోసినా తాగేస్తుంది. ఇంకా మిగిలే నీళ్లకి ఇంకుడు గుంత కావాలి. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన ఇసుక. గుంత తవ్వించే వీలు ఉపాధి పనుల కింద ఏమైనా ఉందేమో పంచాయతీలో అడగండి. అడిగేది మీరు కాదు, పిల్లల ఉత్తరం అడగాలి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఆ తండ్రి గొడవ. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఆయన అడిగింది మంచి ప్రశ్న. మన ఊళ్లలో చీపురు అందరి చేతికీ ఒకేలా రాదు. ఏ వాడ పిల్లలకి ఊడ్చే పని పడుతోంది, ఏ వాడ పిల్లలకి బోర్డు మీద తేదీ రాసే పని పడుతోంది? మీ బడిలో ఒక వారం గమనించండి. ఆడపిల్లలు ఊడుస్తారు, మగపిల్లలు బెంచీలు మోస్తారు. నేను పనిచేసిన ఒక బడిలో ఏళ్ల తరబడి నేనే ఇలా పనులు పంచాను. ఎవరో కావాలని చేయించింది కాదు, నా నోటికి ఆ పేర్లే వచ్చేవి. ఒకరోజు తోటి టీచరమ్మ స్టాఫ్ రూములో "సార్, మీరు చీపురుకి పిలిచే పేర్లు ఒకసారి కాగితం మీద రాయండి" అంది. రాశాను. ఆ కాగితం చూసుకుంటే సిగ్గేసింది. ఆ పేర్లన్నీ రెండే వాడల నుంచి వచ్చినవి.

అందుకని, చెత్త పని పెడితే పేర్లు పిలవద్దు. రోల్ నంబరు ప్రకారం వంతులు వేయండి. మొదటి వంతు మీది, రెండోది హెడ్మాస్టరుది. ఇది నాటకం కాదు, నిజంగానే చేయాలి. వారానికోసారి మీ వంతు రావాలి. ఊడ్చే పనికి మగపిల్లలు, తవ్వే పనికి ఆడపిల్లలు ఒక నెలపాటు ఉంటే ఎవరూ చచ్చిపోరు. చేతులకి గ్లవ్స్ కావాలి, పట్టకార్లుంటే ఇంకా మంచిది. సూదులు, బ్లేడ్లు, గాజుపెంకులు కనిపిస్తే పెద్దవాళ్లని పిలవాలే కానీ ముట్టకూడదు. మరుగుదొడ్ల పని పిల్లల చేత ఎట్టి పరిస్థితిలోనూ చేయించొద్దు. హోంవర్కు చేయనివాడికి శిక్షగా చెత్త ఎత్తించొద్దు. శిక్షగా చేసిన పని మీద ఎవరికి ప్రేమ పుడుతుంది? ఈ వంతుల కాగితం నోటీసు బోర్డు మీద పెట్టి, ఆ తండ్రిని ఒకసారి పిలిచి చూపించండి. మీ పేరు మొదట చూశాక ఆయన అనే మాట వేరేగా ఉంటుంది.

అయినా ప్రాజెక్టుకి కావాల్సింది ఏరడం కాదు, చూడటం. వారంలో ఒకరోజు ఒక్క తరగతి డబ్బాని గోనెపట్టా మీద కుమ్మరించి కుప్పలు చేయించండి. మన బడుల్లో ఏం వస్తాయో నాకు తెలుసు. చిప్స్ ప్యాకెట్లు, చాక్లెట్ కాగితాలు, యూజ్ అండ్ త్రో పెన్నులు, నోట్సు చింపిన కాగితాలు, పెన్సిల్ చెక్కిన పొట్టు. ఆ కుప్పలతో ఊళ్లోకి వచ్చే పాత సామాన్లాయన్ని బడికి పిలవండి. పరిచయం చేసేటప్పుడు "ఈ రోజు మనకి పాఠం చెప్పడానికి వచ్చారు" అనండి, కుర్చీ వేయండి. ఏది కొంటారు, కిలో ఎంత, ఏది కొనరు, ఎందుకు కొనరు? పిల్లలు అడగాలి, ఆయన చెప్పాలి. అట్టపెట్టె కొంటాడు, నీళ్ల బాటిల్ కొంటాడు, నోట్సు కాగితం కొంటాడు. చిప్స్ ప్యాకెట్ మాత్రం చేత్తో కూడా ముట్టడు. ఆ ప్యాకెట్ లోపల వెండిలా మెరిసే పొరని, బయట ప్లాస్టిక్ పొరని విడదీయడం గిట్టుబాటు కాదు కాబట్టి దానికి ధర లేదు. ధర లేనిదే చివరికి కాలువలో తేలుతుంది. ఇంత సూటిగా ఏ పుస్తకంలోనూ ఉండదు.

పాల ప్యాకెట్ సంగతి కూడా ఆయన్ని అడగమనండి. ప్యాకెట్ అయితే తీసుకుంటాడు, కానీ మనం కత్తిరించి పారేసే ఆ మూల ముక్క ఎవరికీ దొరకదు. మూల పూర్తిగా తెంపకుండా కొంచెం అంటిపెట్టుకునేలా కత్తిరిస్తే ఆ ముక్క కూడా ప్యాకెట్‌తోనే పోతుంది. ఈ ఒక్కటీ పిల్లలు ఆ సాయంత్రమే ఇంట్లో అమలు చేస్తారు, వద్దన్నా ఆగరు.

ధర లేని ప్యాకెట్లని ఏం చేయాలి అని పిల్లలు అడిగితే తూత్తుకుడి కథ చెప్పండి. 2018లో తమిళనాడులోని ఆ ఊళ్లో ఒక బడి ఆడపిల్లలు తాము తిన్న బిస్కెట్లు, చిరుతిళ్ల కవర్లు ఇరవై వేలకి పైగా పోగుచేసి, తయారుచేసిన కంపెనీలకే తిరిగి పంపారు. రుచి బాగుంది కానీ ఈ కవర్ల సంగతి మీరే చూడండి అని ఉత్తరం కూడా జతచేశారు. మీ పిల్లలు వేలు పోగుచేయక్కర్లేదు. ఒక నెలలో ఒక్క తరగతి ఎన్ని తిన్నదో లెక్కపెడితే చాలు, తినడం కొంత దానంతటదే తగ్గుతుంది.

మొక్కలకి వద్దాం. తెలంగాణలో 2015 జూలైలో హరితహారం మొదలైనప్పటి నుంచీ మొక్కల కొరత లేదు, గుంతల కొరతా లేదు. వేసవి దాటిన మొక్కలకే కరువు. పోయినేడు నాటిన గుంతలోనే ఈ ఏడు మళ్లీ నాటి ఫోటో దిగడం మనందరికీ తెలిసిన ముచ్చటే. ఒకసారి నేను ఆవరణ నిండా మొక్కలు పెట్టించి, జూన్‌లో వచ్చి చూస్తే మూడు బతికున్నాయి. ఆ మూడూ బోరింగు పక్కన ఉన్నవి.

అందుకే తరగతికి రెండు మొక్కలే ఇవ్వండి. కానుగ, వేప, నేరేడు, చింత, ఏదైనా సరే. కంచె కట్టలేని చోట కానుగ నయం, మేకలు దాన్ని పెద్దగా ముట్టవు. సెలవుల గండం దాటడానికి ఒక పాత ఉపాయం ఉంది. రంగు వేయని మట్టి కుండని మొక్కకి జానెడు దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి, పైన మూకుడు బోర్లించాలి. మూకుడు లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. మట్టి ఆరినకొద్దీ కుండ గోడల్లోంచి నీళ్లు ఊరతాయి, తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది. వారానికి రెండుసార్లు నింపితే మొక్క ప్రాణం నిలబడుతుంది. రంగు కుండ వేశారో, అందులోంచి ఏమీ ఊరదు. బడికి దగ్గర్లో ఇళ్లున్న పిల్లలకి సెలవుల్లో వంతులు వేసి, ఆ కాగితం వాళ్లింట్లో గోడకి అంటించమనండి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ 12 దాకా ఏడు వారాలు. ఏడుగురు పిల్లలు ఉంటే తలా ఒక వారం.

కొత్త మొక్కకంటే బడిలో ఇప్పటికే ఉన్న వేపచెట్టు మీద నాకు ఎక్కువ ఆశ. ప్రతి శుక్రవారం అదే చెట్టు కింద నిలబడి రాయాలి. ఆకులు రాలుతున్నాయా, చిగురు ఏ రంగులో ఉంది, పూత వచ్చిందా, పిట్టలేమైనా వాలాయా. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలి, రాగి రంగు చిగురొచ్చి, ఉగాది నాటికి పచ్చడిలోకి పూత దొరకాలి. దొరికిందా లేదా? వాళ్ల నానమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేది? ఇలా ఒకే చెట్టుని వారం వారం చూసి నమోదు చేసే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం దేశమంతటా బడుల్లో నడుస్తోంది, మీరూ చేరవచ్చు. చేరకపోయినా ఒక నోట్‌బుక్ చాలు. రాలిన ఆకుల్ని తగలబెట్టే అలవాటు మీ బడిలో ఉంటే, ఊడ్చే ఆయమ్మతో ముందు మాట్లాడండి. ఆమె సరదాకి కాల్చడం లేదు, వేయడానికి చోటు లేక కాలుస్తోంది. నాలుగు ఇటుక గోడలతో ఒక మూల చూపిస్తే అక్కడే పోస్తుంది. అది ఎరువు కావాలంటే కూరగాయల తొక్కలు ఒక వంతు, ఎండాకులు మూడు వంతులు, పిండితే చుక్క రాని గుడ్డంత తడి. వాసనొస్తే ఎండాకులు కలపాలి, చీమలు పడితే నీళ్లు చల్లాలి. మిగతా పని పురుగూ పుట్రా చూసుకుంటాయి.

సిలబస్ అనే తోటి టీచర్లకి జవాబు. వాళ్లని ఒప్పించడానికి ఉపన్యాసం వద్దు, వాళ్ల పనిలో కొంత మీ పిల్లల చేత చేయించండి. 180 మంది సెకన్లకి సగటు కట్టడం లెక్కల సారు పాఠం. తెలుగు పరీక్షలో లేఖారచన ఎలాగూ ఉంది. ఎవరికో తెలియని సంపాదకుడికి రాసే బదులు, ఇంకుడు గుంత కోసం పంచాయతీ కార్యదర్శికి రాయించమనండి. అంకెలతో రాసిన ఉత్తరానికి జవాబు ఇవ్వకుండా ఉండటం కష్టం. ఇచ్చినా ఇవ్వకపోయినా పిల్లలకి అదీ ఒక పౌరశాస్త్ర పాఠమే. ఇక ప్రైజుల మీద మనసున్నవాళ్లకి చెప్పండి: 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పిల్లలు తమ చుట్టుపక్కల సమస్యని పరిశీలించి, కొలిచి, ఆ పని వివరించాలి. నల్లాల లెక్క అక్కడ దర్జాగా నిలబడుతుంది.

మార్కులు మాత్రం చార్టు అందానికి వేయకండి. మట్టి మరకలున్న నోట్సుకి, కొట్టివేతలున్న నోట్సుకి వేయండి. కొలతలన్నీ చక్కగా 4, 4, 4 అని ఉంటే అనుమానించండి. నల్లా దగ్గర నిలబడని పిల్లాడు రాసే అంకెలు అవి.

చివరగా, ఏడ్చిన ఆ ఆరో తరగతి అమ్మాయి. ఇలాంటి వీడియోలు ఆ వయసు వాళ్లకి ఇప్పుడే వద్దు. "ఏం కాదులే" అని అబద్ధం చెప్పొద్దు, "అంతా అయిపోతోంది" అని భయపెట్టొద్దు. ఎండలు పెరుగుతున్నాయి, పెద్దవాళ్లు చేయాల్సిన పని చాలా ఉంది, కొంత చేస్తున్నారు అని ఉన్నది చెప్పండి. ఆ తర్వాత ఆ అమ్మాయికి వాన కొలిచే పని అప్పగించండి. పక్కలు నిలువుగా ఉన్న పెద్ద బాటిల్ తీసుకుని, పై భాగం కోసి, మూతి కిందికి ఉండేలా గరాటులా బోర్లించాలి. బాటిల్ అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు, నీళ్లు పోసి, పక్కలు నిలువుగా మొదలైన చోట సున్నా గీత పెట్టాలి. అక్కణ్నుంచి స్కేలు అంటిస్తే ఎన్ని మిల్లీమీటర్లు పడిందో అదే చెప్తుంది. చెట్టు కింద, గోడ పక్కన కాకుండా ఆరుబయట పెట్టాలి. వాన పడిన మర్నాడు పొద్దున ప్రార్థనలో ఆ అంకె చదివేది ఆ అమ్మాయే. పేపర్లో జిల్లా పేజీలో మండలాల వర్షపాతం వేస్తారుగా, దాంతో పోల్చి చూసుకుంటుంది. తేడా వస్తే పేపరే తప్పంటుంది, అననివ్వండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. మీ స్లాబు 200 చదరపు మీటర్లయితే 20 మిల్లీమీటర్ల వానకి 4,000 లీటర్లు. ప్లేట్ల దగ్గర పోతున్న 720 లీటర్ల పక్కన ఈ అంకె రాసిపెట్టి, పిల్లలేమంటారో వినండి.

రేపు బకెట్ తీసుకెళ్లే ముందు అది ఎన్ని లీటర్లదో చూసుకోండి. చాలా బకెట్ల మీద రాసి ఉండదు. లీటరు బాటిల్‌తో ఒక్కొక్క లీటరే పోయిస్తూ, లోపల పెయింటుతో గీతలు పెట్టించండి. ఆ గీతలు పెట్టే పని మాత్రం అడవి కాలుతోందని నవ్విన అమ్మాయికివ్వండి.